నాలుగు వేళ్ళ సందు

చేప మళ్ళీ నేలమీద పడింది.

"పట్టు రామ్‌కిషన్, పట్టు!" అంటూ జగన్‌మోహన్ బల్ల కింద దూరాడు.

అటెండరు రామ్‌కిషన్ తడిగుడ్డ వేసి దాన్ని ఒడిసిపట్టి, గాజుతొట్టిలో వదిలాడు. మూరెడు కొర్రమేను. నల్లటి ఒళ్ళు, పాములాంటి తల.

"నాలుగోసారి సార్. దీనికి బడి నచ్చలే."

డెబ్బై తొమ్మిది జూన్ నెల, శనివారం. తొలకరి పడి పది రోజులైంది.

జగన్‌మోహన్ జహీరాబాద్ హైస్కూలుకు కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారు. వాళ్ళింట్లో పలక పట్టినవాళ్ళలో అతనే మొదలు. బడిలో మెట్ల కింది సామాన్ల కొట్టే అతని ప్రయోగశాల. సోమవారం సంగారెడ్డి నుంచి అధికారి తనిఖీకి వస్తున్నాడు. ఆయన మెచ్చితే సైన్సుకు ఒక గది ఇస్తానని హెడ్మాస్టరు మాటిచ్చాడు.

ఆ గది కోసమే ఈ తొట్టి. చేపను నాయన చంద్రప్ప తడిగుడ్డలో చుట్టుకుని చిరాగ్‌పల్లి నుంచి బస్సులో తెచ్చాడు.

కానీ దాని తీరే బాగాలేదు. మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తుంది. మూలలకు తల కొట్టుకుంటుంది. ఎగిరి దూకుతుంది. ఏం జబ్బోనని హైదరాబాదులోని తన ప్రొఫెసరు అమర్‌నాథ్ గారికి ఉత్తరం రాసి వారమైంది. జవాబు లేదు.

రేపు ఆదివారం. దూకితే ఎత్తేవాడుండడు. జగన్‌మోహన్ తొట్టిని అంచుదాకా నింపాడు. పైన గాజుపలక మూశాడు. పలక మీద రెండు ఇటుకలు పెట్టాడు.

"ఇగ ఎట్ల దుంకుతవో దుంకు."

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

ఒక ముసలాయన. మోకాళ్ళదాకా పంచె, చంకలో సంచీ, వేళ్ళనిండా పాత గాట్లు. ఆయన చూపు తొట్టి మీదే ఉంది.

"సారూ, ఆ మూత జర ఎత్తుండ్రి."

"ఎవరు నువ్వు?"

"గుండయ్య అంటరు. పట్నం నుంచి వచ్చిన. ఆ చేప మీదికొచ్చి గాలి మింగాలె సారూ. సందు లేకుంటె మునిగి సస్తది."

రామ్‌కిషన్ పకపకా నవ్వాడు. "చేప నీళ్ళల్ల మునిగి సస్తదా తాతా? రేపు కోడికి ఈకలు బరువైనయంటవు!"

జగన్‌మోహన్‌కూ నవ్వాగలేదు.

"నవ్వుండ్రి గని, నాలుగు వేళ్ళ సందు ఉంచుండ్రి. గాజు తీసి వలగుడ్డ కట్టుండ్రి. దానికి రోగం లేదు. తొలివాన పడితె కుంట ఇడిసి ఇంకో కుంటకు పోవుడు దాని గుణం. కొన్ని దినాలైతె అదే ఊకుంటది."

అంటూనే ఆయన ఇటుక మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్!" జగన్‌మోహన్ ఆ చేతిని పక్కకు నెట్టాడు. "నేను జువాలజీ చదివిన, పెద్దమనిషీ. నాకు చేపల పాఠం చెప్తవా?"

"ఎరుకే సారూ. ఫస్టుల పాసైన్రట గద."

పొగిడి పని చేయించుకునే రకం అనుకున్నాడు జగన్‌మోహన్. అనుకున్నట్టే ముసలాయన జేబులోంచి ఒక చిట్టీ తీశాడు. జూన్ వస్తే చాలు, పిల్లలకు సీట్లివ్వమని రోజూ ఎవరో ఒకరు ఏ నాయకుడి చిట్టీనో పట్టుకొస్తారు.

"సీట్ల చిట్టీలు ఆఫీసుల ఇయ్యి. నాకు పనుంది."

"సీటుకు గాదు సారూ..."

"రామ్‌కిషన్, బయటికి తోలుకపో."

"సార్ ఫికర్ల ఉన్నడు తాతా, నడువు."

ముసలాయన చిట్టీని బల్ల మీద, చాక్‌పీసు డబ్బా కింద పెట్టి వెళ్ళాడు. కాసేపటికి చూస్తే కిటికీ అవతల నిలబడి తొట్టివైపే చూస్తున్నాడు.

జగన్‌మోహన్ వెళ్ళి కిటికీ రెక్క మూసేశాడు.

సోమవారం తలుపు తీసేసరికి చేప వెల్లకిలా తేలి ఉంది. నోరు తెరిచి, గాజుపలకకు ఆనించి ఉంది.

తీసేలోపే జీపు వచ్చింది.

"ఎట్ల చచ్చిపోయింది మాస్టారూ?" అని అడిగాడు అధికారి.

"జబ్బు చేసింది సార్."

అధికారి హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "ఒక్క చేపను సాకలేనోళ్ళకు గది ఎందుకయ్యా?"

మధ్యాహ్నం జగన్‌మోహన్ ఇంటికెళ్ళి తన కాలేజీ రికార్డు పుస్తకం తీశాడు. అదే పాము తల. మొప్పల పైన గాలి అరలు. తన చేత్తో గీసిన బొమ్మే. పక్కన ఎర్రసిరాతో 'బాగుంది' అని ఉంది. కాలేజీలో అది ఓఫియోసెఫాలస్, సీసాలో తెల్లగా పాలిపోయిన చేప. ఇంట్లో అది కొర్రమేను, అమ్మ వండిన పులుసు. రెండూ ఒకటేనని అతనికి ఒక్కనాడూ తట్టలేదు.

"నీళ్ళు లేకున్నా పూట బతుకుతది బిడ్డా," అని తెచ్చిననాడే నాయన చెప్పాడు. వినలేదు.

అతను బడికి తిరిగొచ్చేసరికి రామ్‌కిషన్ చిట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ తాతది సార్. డబ్బా కింద ఉండె."

"ఎటు పోయిండు?"

"శనారమే పోయిండు సార్. ఆఖరి బస్సు దాకా కిటికి కాడనే ఉన్నడు. జర మూత జరుపు బిడ్డా అని నన్ను బతిలాడిండు." రామ్‌కిషన్ తల దించుకున్నాడు. "నేను మళ్ళ నవ్విన సార్."

చిట్టీ మడత విప్పగానే జగన్‌మోహన్ ఆ దస్తూరీ గుర్తుపట్టాడు. రికార్డులో 'బాగుంది' అని రాసిన చెయ్యే.

"చి. జగన్‌మోహన్‌కు, నీ ఉత్తరం అందింది. జబ్బు కాదనే అనుకుంటున్నాను. కళ్ళతో చూడకుండా చెప్పడం తప్పు కనుక గుండయ్యను పంపుతున్నాను. మన కాలేజీ సీసాల్లో నువ్వు చూసిన చేపలన్నీ ఆయన పట్టి తెచ్చినవే. పరీక్షలో నువ్వు నాలుగు కాగితాలు రాసిన పాఠం నీకు చెప్పింది నేను, నాకు చెప్పింది ఆయన."