మరకు కట్టిన చున్నీ

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు కుక్కను వీధిలోకి తీసుకెళ్ళే మనిషే లేడు. పొద్దున్నే కుక్కల్ని తిప్పుకొచ్చే రోబో, తిప్పుడు మర, వచ్చి బెల్లు కొడుతుంది. దాని పిడికి యజమాని విడిచిన బట్ట ఒకటి కట్టాలి. ఆ వాసన లేకపోతే కుక్క దాని వెంట కదలదు. ఒకప్పుడు మా కుక్క గవ్వను నేనే తిప్పేదాన్ని. ఆ రోజుల్లో చెమట పట్టిన పసుపు చున్నీనే మరకు కట్టాను.

ఇప్పుడు బెల్లు వినపడితే చాలు, గవ్వ ఒళ్ళంతా తోకై ఊగిపోతుంది. ఆ ఇనప కాళ్ళు నాకుతుంది. అన్నం కలిపి పెట్టేది నేను, పిడుదులు ఏరేది నేను. ముద్దులు మాత్రం ఆ డబ్బాకి!

"దీనికేదో మందు పెట్టిందది," అన్నాను.

"మరను చూసి కుళ్ళుకుంటావేంటి కుసుమా? అది మురిసేది నీ వాసనకే కదా!" అని నవ్వాడు మా ఆయన శేషు.

నాకు ఒళ్ళు మండింది. చున్నీ విప్పేసి బకెట్లో సబ్బునీళ్ళు పోసి నానేశాను. మరకు ఉతికిన తువ్వాలు కట్టాను.

మర్నాడు బెల్లు మోగింది. గవ్వ పరుగెత్తుకెళ్ళి తువ్వాలు వాసన చూసి వెనక్కి తిరిగింది. నా కడుపు చల్లబడింది.

"రావే నా తల్లీ," అని చేతులు చాచాను.

వచ్చింది. నా చేతులు వాసన చూసింది, మోకాళ్ళు చూసింది. పొద్దస్తమానం ఏసీలో కూర్చుని చెమటంటే ఏమిటో మరిచిపోయిన ఒళ్ళు నాది.

గవ్వ నన్ను దాటుకుని బాత్రూంలోకి వెళ్ళి, చున్నీ నానుతున్న బకెట్‌ను ఆనుకుని పడుకుంది.