కోయని చొక్కా

“మళ్లీ మూట తెచ్చావా?” పాత బట్టల కొట్టు సంచి చూడగానే భర్తకు చిర్రెత్తుకొచ్చింది. “ఇల్లంతా బొంతలే! ఇక మనం గుమ్మంలో పడుకోవాలి కాబోలు.”

ఆమె ఒక్కో చొక్కాకీ గుండీలు తెంపి, కుట్లు విప్పి, ముక్కలు కోస్తోంది. దర్జీ ఇచ్చిన పీలికలు పక్కనే కుప్పగా ఉన్నాయి.

సంచి అడుగు నుంచి చిన్న చొక్కా ఒకటి వచ్చింది. కత్తెర ఆగిపోయింది.

“దాన్నొక్కదాన్నీ వదిలేశావేం, పాపం!” అన్నాడు వెటకారంగా.

ఆమె చొక్కా ఎత్తి చూపించింది. బాతుబొమ్మలు. తెల్ల గుండీల మధ్య ఒక్కటే ఆకుపచ్చది. అది ఆమె కుట్టిందే.

అతను గుర్తుపట్టాడు. బాబు చనిపోయిన వారానికే వాడి బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేసింది అతనే.

“నువ్వు చూసి కుమిలిపోతావని...” అన్నాడు.

“ఏ కొట్లో ఇచ్చారో ఎంత అడిగినా చెప్పలేదుగా. అన్నీ తిరిగాను. ఏమీ కొనకుండా వెతుకుతుంటే ఎవరు ఊరుకుంటారు? కొన్నవి ఏం చేసుకోను, బొంతలు కుట్టాను.”

చొక్కా మడత పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

“దీని జత నిక్కరు ఇంకా దొరకలేదండీ.”