తప్పిపోయినవాళ్ళ పరిచర్య

కొలనులోని బాతుల సంఘానికి పెద్దబాతు పాస్టరుగారు. తప్పిపోయిన పిల్లల్ని వెతికి తేవడం ఆయన పరిచర్య. అది ఎలా సాగుతోందో తేల్చడానికి తాబేలు పెద్దగారు ఏటా సంఘాన్ని కూర్చోబెడతాడు. పద్ధతి మహా న్యాయమైనది: హాజరైనవాళ్ళనే అడుగుతారు.

“ఇక్కడున్నవాళ్ళలో తప్పిపోయినవాళ్ళెవరైనా ఉన్నారా?” అన్నాడు తాబేలు.

బాతులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎవరూ లేరు.

“స్తోత్రం! పరిచర్య నూటికి నూరు!”

“నా పిల్ల నిన్న రెల్లుపొదల్లోకి వెళ్ళి ఇంకా రాలేదు పెద్దయ్యా,” అంటూ మచ్చబాతు లేచింది. “అటు నక్క తిరుగుతోంది. వెతకడానికి రమ్మంటే అయ్యగారు రాలేదు.”

పెద్దబాతు నొచ్చుకున్నాడు. “అదేం మాటమ్మా? పొద్దున్న నీ పిల్ల మీదే గంటసేపు ప్రసంగం చేశాను. సంఘమంతా వెక్కి వెక్కి ఏడ్చింది.”

“ఏడ్చినవాళ్ళలో ఒక్కరు వెతికినా దొరికేది కదండీ!”

“చూడమ్మా,” అన్నాడు తాబేలు, “ఫిర్యాదుంటే ఆ పిల్లే వచ్చి చెప్పుకోవాలి. రానివాళ్ళ మాట మేం తీసుకోం.”

మచ్చబాతు వెనుదిరిగింది. ఒక్కతే రెల్లుపొదల వైపు ఈదుకుంటూ పోయింది.

ఆమె కనుమరుగయ్యేదాకా ఆగి, తాబేలు గొంతు సవరించుకున్నాడు.

“ఇప్పుడు అభ్యంతరం ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?”

ఎవరూ లేరు. ఏకగ్రీవం! సంఘమంతా కృతజ్ఞతా గీతం అందుకుంది.

అంతలో రెల్లుపొదల్లోంచి మచ్చబాతు కేక వినిపించింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, గీతం ఇంకాస్త గట్టిగా పాడమన్నారు.