నాలుగు సంతకాలు

"నీతో పాడేది లేదు, పో" అన్నాడు ఊరి పాటగాళ్ళ పెద్ద జువన్నె, బారులో బల్ల మీంచి తల ఎత్తకుండానే.

"మామా, శుక్రవారంలోపు పోర్ట్‌ఫోలియో ఇవ్వకపోతే సంగీత కళాశాలలో సీటు పోతుంది" అన్నాడు ఎలియాస్. "గిటారు రికార్డులున్నాయి. స్వరాలు రాసిన కాగితాలున్నాయి. మన నాలుగు గొంతుల పాట ఒక్కటే లేదు. నలుగురి పేర్లూ సంతకాలూ అడుగుతున్నారు."

"పోయిన ఈస్టర్‌కి అందరి ముందూ నాది మేక గొంతన్నావు. మేకల్నే పాడించుకో. సార్డీనియాలో మేకలకి కొదవా?"

పక్కనున్న పాటగాళ్ళిద్దరూ నవ్వారు.

"అయితే నాలుగూ నేనే పాడతా!"

జువన్నె అప్పుడు తల ఎత్తాడు. "ఈ ఊళ్ళో కలిసి పాడినవాళ్ళు కలిసి మోస్తారు. నలుగురిలో ఒకడు పోతే మిగిలిన ముగ్గురూ వాడి శవపేటికకి భుజం పట్టాలి. ఒక్కడివే పాడితే నిన్నెవడు మోస్తాడ్రా?"

"నేనిప్పట్లో చావన్లే."

ఎలియాస్ ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. ఒక్కో గొంతూ విడిగా పాడి, నాలుగింటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. బాగా కుదిరింది.

సంతకాలు మిగిలాయి. బతికున్నవాళ్ళ పేర్లు రాస్తే గొడవ. శ్మశానానికి వెళ్ళి, పాతకాలం పాటగాళ్ళ సమాధిరాళ్ళ మీంచి మూడు పేర్లు రాసుకున్నాడు. బరోరె, పస్కాలె, అంటియోగు. రాళ్ళ మీది ఫొటోల్లో ముగ్గురివీ నల్ల మఖ్మల్ కోట్లు. బరోరె కోటుకి పై గుండీ లేదు.

మూడు పెన్నులతో మూడు సంతకాలు పెట్టాడు. నాలుగోది తనది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. "మీ పోర్ట్‌ఫోలియోలో ఆ పాటే అన్నిటికన్నా బాగుంది. నలుగురూ వచ్చి మా ముందు పాడండి."

ముగ్గురికీ జ్వరమని చెబుదామనుకుని ఎలియాస్ ఒక్కడే బస్సెక్కాడు.

కళాశాల గుమాస్తా అతన్ని చూసి విసుక్కుంది. "ఇప్పుడా రావడం? మీవాళ్ళు ముగ్గురూ పొద్దుటే వచ్చి కూర్చున్నారు."

జువన్నె మెత్తబడ్డాడనుకున్నాడు. నవ్వుకుంటూ తలుపు తోశాడు.

ముగ్గురు ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. నల్ల మఖ్మల్ కోట్లు. ముందున్నవాడి కోటుకి పై గుండీ లేదు.

ఎలియాస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "పాడ... పాడటానికి వచ్చారా?"

"పాడటం అయిపోయిందిగా అబ్బాయ్. సంతకాలు కూడా పెట్టాం" అన్నాడు బరోరె, ఎడమ భుజం మీది మట్టి దులుపుకుంటూ. "మోయడానికి వచ్చాం."