దారి తెరిచారు

దళితపేట శవం తమ చెరకు పక్కనుంచి పోకూడదని ఊరి రైతులు శ్మశానం దారికి అడ్డంగా ట్రాక్టర్ పెట్టారు. దేముడమ్మ మొగుడి పాడె ఎండలో దిగింది.

“అర్జీలిచ్చి అలిసిపోనాం. ఇప్పుడు ఫోన్ సేత్తే ఎవులూ ఎత్తట్లేదు. ఏటి సెయ్యమంటావే అమ్మా?” అన్నాడు కొడుకు నానాజీ.

శవం మీద ఈగలు తోలుతూ అందామె, “తగలెట్టీ.”

పాడె మోసిన నలుగురూ ట్రాక్టర్ తగలబెట్టారు. మంట ఆరకముందే అనకాపల్లి నుంచి పోలీసులు, అధికారులు వచ్చారు. ట్రాక్టర్‌ని పక్కకు లాగించారు. నానాజీతో సహా నలుగురినీ కొట్టి జీపెక్కించారు. పేటలో తక్కిన మగాళ్ళు పారిపోయారు.

“దారి తెరిచాం కదమ్మా, తీసుకెళ్ళు” అన్నాడు అధికారి.

దేముడమ్మ వంగి పాడెను తలవైపు ఎత్తింది. కాళ్ళవైపు పట్టడానికి ఎవరూ లేరు.