దొంగకూ పెద్దక్షరమే

చిత్తూరు కలెక్టరు కచేరీ ముందర అర్జీలు రాసేవాళ్ళు ఏడుగురు. ఇంగ్లీషులో రాసేది మాత్రం సుదర్శనం ఒక్కడే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా తన పేరు ఇంగ్లీషులోనే బోర్డు రాయించి, వెనక గోడకు తగిలించుకున్నాడు. పది అక్షరాలూ పెద్దక్షరాలే.

యుద్ధం పుణ్యమా అని బస్సులు బొగ్గుతో నడుస్తున్న రోజులు. బంగారుపాళ్యం నుంచి దిగిన తాయమ్మ, ముఖానికంటిన మసి కొంగుతో తుడుచుకుంటూ అతని ఎదుట కూర్చుంది.

"నిన్ను యాడో చూసినట్టుండాదే!"

"చూసుంటావులే సామీ. దినానికి ఎంతమందిని చూస్తావో!"

ఆమె తన గోడు చెప్పుకుంది. మొగుడు పోయిన ఏడాదే ఒకడు తియ్యగా మాట్లాడి, ఏదో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఉన్న ఒక్క ఇంటిస్థలమూ పక్కింటివాళ్ళ పాలైంది. ఈ అర్జీ కలెక్టరు దొర కంటపడకపోతే వచ్చే నెల గుడిసె కూడా పీకేస్తారు.

"దాయాదులంటే అంతేనమ్మా, పాములు!" అన్నాడు సుదర్శనం, కలం సిరాలో ముంచుతూ.

తాయమ్మ ఆ మాట పట్టించుకోకుండా కాగితం మీదికి వంగింది.

"కలెక్టరుకు పెద్దక్షరం పెట్టినావా సామీ? మిషను బడి అమ్మ నాకూ అక్షరాలు సూపిస్తా ఉండాదిలే."

"పెట్టకుంటే నా గతేం కాను! మనిషి పేరుకు, ఊరి పేరుకు, పెద్ద హోదాకు పెద్దక్షరం."

"విధవరాలికి?"

"చిన్నది."

"గుడిసెకు?"

"చిన్నదే."

"మోసం చేసినోడికి?"

"వాని పేరు రాస్తే పెద్దదే."

తాయమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇదేం న్యాయం సామీ! కొంప పోయిన నాకు చిన్నది, కొంప తీసినోడికి పెద్దదా?"

"ఇంగ్లీషంటే అంతేనమ్మా. దొంగదైనా పేరు పేరే."

సుదర్శనానికి ఊపొచ్చింది. దగాకోరు, కడుపులు కొట్టేవాడు, నోరులేని వాళ్ళ పాలిటి జలగ అని తనకొచ్చిన ఇంగ్లీషు తిట్లన్నీ దించాడు. ఇలాంటివాణ్ణి జిల్లాలో ఉండనివ్వడమే పాపమని తన సొంతంగా ఒక వాక్యం కలిపాడు. ఆమెకు చదివి వినిపించి, కింద 'రాసినది నేనే' అని చేవ్రాలు చేశాడు.

"ఇంక వాని పేరు చెప్పు."

"ఆ పేరు నా నోట పలకను సామీ. ఇట్లియ్యి, నేనే రాస్తా."

"రాయను వచ్చునా?"

"చూసి దించుతా."

"మొదటిది పెద్దక్షరం. మరవద్దు."

"వానికి అన్నీ పెద్దవేలే."

తాయమ్మ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. అక్షరం అక్షరానికీ తలెత్తి, దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు పైకి చూసి, మళ్ళీ వంగి రాసింది. పాపం, గుర్తు రాక అల్లాడుతోందనుకున్నాడు సుదర్శనం. రాయడం కాగానే లేచి, గబగబా నడిచి, అర్జీని కచేరీ గుమ్మంలో ఉన్న బంట్రోతు చేతికిచ్చేసింది. బంట్రోతు లోపలికి వెళ్ళాడు.

ఇంతకూ ఆమె అన్నిసార్లు చూసిందేమిటా అని సుదర్శనం వెనక్కి తిరిగితే, అక్కడ గోడ మీద తన బోర్డు తప్ప మరేమీ లేదు.