నీలం మూత, బూడిద మూత

చేయాల్సిన పనులు నాలుగు. కావ్య వాటిని నోటుబుక్కు మొదటి పేజీలో వరుసగా రాసుకుంది.

పెనుకొండలో రెండు ల్యాప్‌టాప్‌లనూ చేత్తో పట్టి చూడాలి.
ధర్మవరంలో అవే రెండూ మళ్లీ చూడాలి.
హిందూపురంలో ఏది మేలో తేల్చుకోవాలి.
నాయనను ఎక్కువ మాట్లాడనివ్వకూడదు.

"నాలుగోది కొట్టెయ్ పాపా," అన్నాడు రంగప్ప, సోమందేపల్లిలో బస్సెక్కగానే కూతురి భుజం మీదుగా తొంగి చూసి. "నేను నోరు తెరవకపోతే మనకు ఎవుడూ ఏమీ చెప్పడు."

శెనక్కాయల మూటలు బండికెత్తే ముందు కూడా మూడు ఊర్లు తిరిగి ధర విచారించే మనిషి ఆయన. కావ్య ఆ గీత కొట్టెయ్యలేదు.

ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నాక ఉద్యోగం దొరికింది. రేపు పొద్దున పది గంటలకు చేరాలి. ఇంటర్వ్యూలో "ల్యాప్‌టాప్‌లు తెలుసా?" అని అడిగితే "బాగా తెలుసు సార్" అనేసి వచ్చింది. నిజానికి ఇంట్లో ఎప్పుడూ ఒక్కటీ లేదు. కాలేజీ ల్యాబులో ముగ్గురికి ఒక కంప్యూటరు. తన వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. ఈ రోజు తేల్చుకోకపోతే రేపే బండారం బయటపడుతుంది. వచ్చిన ఉద్యోగం వచ్చిన దారినే పోతుంది.

పెనుకొండ షాపులో రాఘవేంద్ర అనే ఆయన రెండింటినీ బల్ల మీద పెట్టాడు. ఒకదానికి నీలం మూత, ఇంకోదానికి బూడిద రంగు మూత. రెండూ పద్నాలుగు అంగుళాలే, రెండూ ఒకటిన్నర కిలో లోపే. ధరలో తేడా మూడొందలు.

"రెండింట్లో యాది మంచిదప్పా?" అన్నాడు రంగప్ప.

"నీలందే. కండ్లు మూసుకొని తీసుకోండి. ఆ బూడిదది రిపేరుకు వస్తానే ఉంటాది."

"మరి రిపేరుకొచ్చేదాన్ని నువ్వెందుకు తెచ్చి పెట్టుకున్యావు?"

కావ్య నాయన కాలు తొక్కింది.

ధర్మవరంలో జయరాముడి షాపు. అక్కడా అవే రెండు.

"బూడిదదే అన్నా. కండ్లు మూసుకొని తీసుకో."

"పెనుకొండలో నీలందని చెప్పినారే?"

"వాళ్ల దగ్గర అవే మిగిలిపోయినాయి గదా, అందుకు!"

"అయితే నీ దగ్గర బూడిదవి మిగిలినాయా?"

జయరాముడికి దగ్గు వచ్చింది. అయినా రంగప్ప ఒళ్లో ఉన్న లావుపాటి సంచి కేసి గౌరవంగా చూసి, అడక్కుండానే రెండొందలు తగ్గిస్తానన్నాడు.

హిందూపురం రైల్లో ఆ సంచి విప్పి ఇద్దరూ చిత్రాన్నం తిన్నారు.

"ఇద్దరూ కండ్లు మూసుకోమనే చెప్పినారు నాయనా," అంది కావ్య దిగులుగా. నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి, తేలింది మాత్రం ఏమీ లేదు.

"తెరిచి చూడమనేవాడు ఒకడన్నా ఉంటాడులే. తిను."

ఉన్నాడు. హిందూపురం బజారులోని షాపులో నితిన్ అనే కుర్రవాడు అవే రెండూ బల్ల మీద పెట్టాడు గానీ ఏది మంచిదో చెప్పలేదు. "ఎవరు వాడాలి?" అని అడిగాడు.

"ఎవరైనా వాడొచ్చు అనుకొని చెప్పండి," అంది కావ్య.

"అట్లయితే వినండి మేడం. నీలం దాంట్లో ర్యామ్ బోర్డుకే అతికించేసినారు. రేపు పెంచుకుందామన్నా చోటు లేదు. బూడిద దాంట్లో ఒక స్లాటు ఖాళీగా ఉండాది. కానీ బ్యాటరీ నీలందే రెండు గంటలు ఎక్కువ వస్తాది. కరెంటు పోయే పల్లెలో చదువుకునేవాళ్లకు నీలం. నాలుగేండ్లు వాడుకోవాలనేవాళ్లకు బూడిద. ఊరికే మంచిది, చెడ్డది అని ఏమీ లేదు."

కావ్య చెయ్యి గబగబా కదిలింది. పొద్దుటి నుంచి పట్టిన బిగువు ఆమె భుజాల్లోంచి దిగిపోయింది.

"బానే చెప్తాండావే," అన్నాడు రంగప్ప. "ఇంత చెప్పినాక కూడా నా మాదిరోడు రెండూ వద్దని లేచిపోతే ఏం చేస్తావు?"

నితిన్ నవ్వాడు. "టీ తెప్పిస్తా పెద్దాయనా. మన టీ తాగినోడికి ఉత్త చేతులతో పోను మొగం చెల్లదు."

కావ్య అది కూడా రాసుకుంది.

టీ వచ్చింది. తాగారు. కావ్య ఖాళీ గ్లాసు కింద పెట్టకుండా పట్టుకునే కూర్చుంది.

"బిల్లు రాసేదా మేడం?"

"రేపు..." అంటూ ఆమె నాయన వైపు చూసింది.

"రేపు పది గంటలకు మా పాప ఈ బజారులోనే ఉంటాది," అన్నాడు రంగప్ప. "అబద్ధం చెప్పే వంశం కాదప్పా మాది."

"మీరు నిదానంగా రండి. ఒక్క మాట మాత్రం చెప్తా." నితిన్ గొంతు తగ్గించాడు. "ఎదురుగా రంగు కాగితాలు కడతాండారు చూడండి, అదీ ల్యాప్‌టాప్ షాపే. రేపు తెరుస్తాండారు. ఆడికి మాత్రం పోవద్దండి. ఆడ ఎవురికీ ఏమీ తెల్దు."

"తెలుస్తాదిలేప్పా," అన్నాడు రంగప్ప.

కావ్య ఈసారి కాలు గట్టిగా తొక్కింది.

బయటికి వచ్చాక వెనక్కి తిరిగి చూసింది. నితిన్ రెండు ల్యాప్‌టాప్‌లనూ మెత్తటి గుడ్డతో తుడిచి జాగ్రత్తగా మూస్తున్నాడు.

"పాపం, మంచోడు నాయనా."

"మంచోడే. నువ్వూ అట్లే ఉండు."

మీకెప్పుడైనా హిందూపురంలో ల్యాప్‌టాప్ కొనే పని పడితే, రేపటి నుంచి ఆ ఎదురు షాపులో అమ్మబోయే కావ్యను గుర్తుపెట్టుకోండి.